గడువు తేదీ ఒక రోజు ఎందుకు జరుగుతుంది?
కంప్యూటరుకూ ఫోనుకూ మధ్య కాలగణన

ఇంటిలోని కంప్యూటరులో ఏప్రిల్ 15 అని వ్రాసుకున్న గడువు చేతిలోని ఫోనులో ఏప్రిల్ 14గా కనిపించుట విదేశాలలో నివసించే కుటుంబాలకు పరిచితమైన చిక్కు. ఒక రోజు ముందుగా కనిపిస్తే నష్టమేమున్నదని కొందరు సరిపెట్టుకుంటారు. కాని ఆ తప్పు ఎల్లప్పుడూ ముందుకే జరుగుతుందన్న భరోసా లేదు. వీసా పత్రాల సమర్పణ, పన్ను దాఖలు, పిల్లల పరీక్ష, పెద్దల వైద్యపరీక్ష, తండ్రిగారి ఆబ్దికము వంటి వాటిలో ఒక్క రోజు తేడా అయినా కోలుకోలేని నష్టం కలిగించవచ్చును. అంతకన్న పెద్ద నష్టం మరొకటి ఉన్నది. ఏ తేదీ నిజమో తెలియనప్పుడు మనిషి మొత్తం జాబితాపైననే నమ్మకం కోల్పోతాడు.

ఈ తప్పు యంత్రం చెడిపోవుట వలన వచ్చేది కాదు. రెండు యంత్రాలూ తమ తమ లెక్క ప్రకారం సరిగానే పనిచేస్తూ ఉంటాయి. వాటి మధ్య జరిగే సమకాలీకరణలో, అంటే వాడుకలో సింక్ అని పిలిచే ప్రక్రియలో, ఒక భావం మరొక భావంగా మారిపోతుంది. ఆ మార్పు ఎక్కడ జరుగుతున్నదో గ్రహిస్తే దానిని సరిదిద్దుట కష్టం కాదు.

దినము వేరు, క్షణము వేరు

కాలాన్ని గురించి మనం వ్రాసుకునే విషయాలు మూడు విధాలు.

మొదటిది దినము. "ఏప్రిల్ 15లోగా పన్ను పత్రం పంపవలెను" అన్నప్పుడు అందులో గంటల ప్రసక్తి లేదు. అది పంచాంగంలోని ఒక గడి పేరు మాత్రమే. పుట్టినరోజు కూడా ఇటువంటిదే. హైదరాబాదులో పుట్టిన బిడ్డ చికాగో వెళ్లినంత మాత్రాన ఆ బిడ్డ పుట్టినరోజు మారదు.

రెండవది క్షణము. విమానం బయలుదేరే వేళ, టెలిఫోనులో జరిగే ఉద్యోగపు ఇంటర్వ్యూ ఈ కోవకు చెందినవి. ఆ క్షణం ప్రపంచమంతటికీ ఒక్కటే. గడియారాలు మాత్రం దానిని వేర్వేరు అంకెలతో, ఒక్కొక్కప్పుడు వేర్వేరు తేదీలతో చూపుతాయి.

మూడవది స్థానిక వేళ. "ఉదయం ఎనిమిది గంటలకు నడకకు వెళ్లవలెను" అనేది ఏ ఊరిలో ఉంటే ఆ ఊరి ఎనిమిది గంటలకు వర్తిస్తుంది. అది మనిషితో పాటు ప్రయాణం చేస్తుంది.

ఐకాలెండర్ అనే అంతర్జాతీయ నియమావళి 1998లో వెలువడినది, 2009లో సవరింపబడినది. అది ఈ మూడింటినీ వేర్వేరు రూపాలలో వ్రాయుటకు వీలు కల్పించినది. తేదీ మాత్రమే వ్రాయవచ్చును. విశ్వసమయంతో గాని మండలం పేరుతో గాని క్షణాన్ని వ్రాయవచ్చును. ఏ మండలమూ చెప్పకుండా స్థానిక వేళను వ్రాయవచ్చును. ఒక ప్రోగ్రాము దినముగా వ్రాసిన దానిని మరొక ప్రోగ్రాము క్షణముగా చదివినప్పుడే మన చిక్కు మొదలవుతుంది.

అర్ధరాత్రి అనే సన్నని గోడ

కంప్యూటరులు కాలాన్ని లోలోపల ఒకే కొలతతో లెక్కిస్తాయి. గ్రీనిచ్ రేఖను ఆధారముగా తీసుకోవలెనని 1884లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం నిర్ణయించినది. నేడు యూటీసీ అని పిలిచే విశ్వసమయానికి మూలం అదే. భారత ప్రామాణిక కాలం దానికంటె ఐదున్నర గంటలు ముందు. 1906లో అమలులోనికి వచ్చిన ఈ కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడకు దగ్గరగానే పోతుంది. న్యూజెర్సీ చలికాలంలో విశ్వసమయానికి ఐదు గంటలు, వేసవిలో నాలుగు గంటలు వెనుక ఉంటుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూడవచ్చును. ఒక ప్రోగ్రాముకు దినము అనే భావం లేదు. క్షణం మాత్రమే తెలుసు. అది "ఏప్రిల్ 15" అనే గడువును "ఏప్రిల్ 15, విశ్వసమయం అర్ధరాత్రి 0 గంటలు" అని భద్రపరుస్తుంది. హైదరాబాదులోని ఫోను ఆ అంకెకు ఐదున్నర గంటలు కలిపి ఏప్రిల్ 15 ఉదయం 5.30 అని తెలుసుకొని, ఏప్రిల్ 15 అని చూపుతుంది. తేదీ సరిపోయినది. న్యూజెర్సీలోని ఫోను అదే అంకె నుండి నాలుగు గంటలు తీసివేస్తుంది. దానికి వచ్చే సమాధానం ఏప్రిల్ 14 రాత్రి 8 గంటలు. తెరమీద ఏప్రిల్ 14 ప్రత్యక్షమవుతుంది.

ఇందువల్లనే ఒకే ప్రోగ్రాము హైదరాబాదు, దుబాయి, కౌలాలంపూరులలో చక్కగా పనిచేసి అమెరికాలో మాత్రం తప్పుతుంది. గ్రీనిచ్‌కు తూర్పున ఉన్నవారికి ఈ లోపం కంటికి కనబడదు. లండనులో నివసించే వారికి అది ఒక్క క్షణం తేడాతో తప్పిపోతుంది.

దీనికి విపర్యయం కూడా కలదు. కొన్ని ప్రోగ్రాములు గడువును ఆ రోజు చివరి నిమిషంగా భావిస్తాయి. న్యూజెర్సీలో ఏప్రిల్ 15 రాత్రి 11.59 అంటే విశ్వసమయంలో ఏప్రిల్ 16 తెల్లవారుజాము 3.59. దానిని హైదరాబాదులో చూస్తే ఏప్రిల్ 16 అవుతుంది. గడువు దాటిన తరువాత గాని గుర్తుచేయని ఈ తప్పే ఎక్కువ ప్రమాదకరం.

ఇంకొక చిత్రం గమనింపదగినది. ఫోను ఏప్రిల్ 14 అని తప్పుగా చదివి ఊరుకోక, ఆ తేదీనే మళ్లీ విశ్వసమయపు అర్ధరాత్రిగా మార్చి కంప్యూటరుకు తిరిగి పంపవచ్చును. మరుసటి సింక్‌లో అది 13 అవుతుంది, ఆపై 12. తేదీ రోజురోజుకూ వెనుకకు జారిపోతున్నదంటే అర్థం ఇదే. అటువంటప్పుడు మళ్లీ మళ్లీ సింక్ చేయుట మంటలో నెయ్యి పోయుట వంటిది.

తేడాను కొలిస్తే కారణం తెలుస్తుంది

నాడి చూడకుండా మందు ఇచ్చే వైద్యుడు ఉండడు. తేదీలను దిద్దబోయే ముందు ఐదారు పనులను ఎన్నుకొని, కంప్యూటరులోని తేదీని, ఫోనులోని తేదీని కాగితంమీద పక్కపక్కన వ్రాసుకోవలెను. తేడా ఎంత, ఏ దిశలో ఉన్నది అన్న రెండు విషయాలే కారణాన్ని చాలావరకు పట్టిస్తాయి.

వేళ లేని పనులన్నీ ఒక రోజు ముందుకు వచ్చి, వేళ ఉన్న పనులు సరిగా ఉంటే, పైన చెప్పిన దినము–క్షణముల తారుమారే కారణం.

వేసవి తేదీలు మాత్రమే తప్పి చలికాలపు తేదీలు సరిగా ఉంటే, వేసవిలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపే నియమం ఒక యంత్రానికి తెలియదన్నమాట. న్యూజెర్సీ వేసవి అర్ధరాత్రిని చలికాలపు లెక్కతో చదివితే ముందు రోజు రాత్రి 11 గంటలు అవుతుంది. అక్కడ గంట తప్పు రోజు తప్పుగా మారుతుంది. అమెరికాలో ఈ నియమం 2007లో మారినది. అప్పటి నుండి మార్చి రెండవ ఆదివారం మొదలు నవంబరు మొదటి ఆదివారం వరకు వేసవి కాలమానం నడుస్తున్నది. కొత్త నియమాలు చేరని పాత యంత్రాలు మార్చి, నవంబరు నెలలలో ఇటువంటి పొరపాటు చేస్తాయి.

వేళ ఉన్న పనులు కూడా తొమ్మిదిన్నర లేదా పదిన్నర గంటలు తప్పితే ఒక యంత్రం ఇంకా భారత కాలమండలంలోనే ఉన్నదని అనుమానించవలెను.

నెల మొదటి పన్నెండు రోజుల తేదీలు తారుమారై, 13 నుండి సరిగా ఉంటే లేదా అసలు చేరకపోతే, అది కాలమండలం దోషం కాదు. 04/07 అన్నది అమెరికాలో ఏప్రిల్ 7. భారతదేశంలోను, బ్రిటనులోను జూలై 4. ఒక యంత్రం నెలను ముందు, మరొకటి రోజును ముందు చదువుతున్నవి.

తేడా సరిగా నాలుగు సంవత్సరాల ఒక రోజు, అంటే 1462 రోజులు ఉంటే జాబితా ఎక్సెల్ పట్టిక గుండా వచ్చినదని చెప్పవచ్చును. ఎక్సెల్‌లో 1900 నుండి లెక్కించే పద్ధతి ఒకటి, పాత మాకింతోష్ యంత్రాల నుండి వచ్చిన 1904 పద్ధతి మరొకటి ఉన్నవి.

ఒక రోజు పని రెండు రోజులు పరచుకొని కనిపిస్తే ముగింపు తేదీని తప్పుగా చదువుతున్నారని అర్థం. ఐకాలెండర్ నియమం ప్రకారం 15వ తేదీన రోజంతా ఉండే కార్యక్రమానికి ముగింపు 16 అని వ్రాస్తారు. ఆ 16 అందులో చేరదు.

ఇక గడువే లేని పనికి వింత తేదీ కనిపించవచ్చును. అనేక యంత్రాలకు సున్న అంటే 1970 జనవరి 1, విశ్వసమయం అర్ధరాత్రి. అమెరికాలో అదే 1969 డిసెంబరు 31గా కనబడుతుంది. ఔట్‌లుక్ మాత్రం తేదీ లేదని తెలుపుటకు 4501 జనవరి 1ని వాడుతుంది. ఇవి గడువులు కావు, ఖాళీ గళ్లు.

సరిదిద్దే క్రమం

కారణం తెలిసిన తరువాత ఈ క్రమంలో ముందుకు పోవలెను. క్రమం తప్పితే సరైన తేదీలు కూడా చెడిపోవచ్చును.

1. ముందుగా సింక్‌ను ఆపివేయవలెను. ఫోనులోని ఖాతాల అమరికలో పనులు, క్యాలెండరు అనే రెండింటినీ తాత్కాలికంగా నిలిపివేస్తే సరిపోతుంది. కారుతున్న కుండను ముందు ఆపి తరువాత నేల తుడవవలెను గదా.

2. కంప్యూటరులోని జాబితాకు ఒక నకలు తీసి వేరే చోట భద్రపరచవలెను. దిద్దుబాటు వికటిస్తే తిరిగి మొదటి స్థితికి రావడానికి ఇది ఆధారం.

3. రెండు యంత్రాల కాలమండలాన్ని పరిశీలించవలెను. గడియారం సరిగా ఉన్నంత మాత్రాన మండలం సరిగా ఉన్నట్టు కాదు. హైదరాబాదు నుండి తెచ్చుకున్న కంప్యూటరును న్యూజెర్సీలో తెరచి, మండలం మార్చకుండా గడియారపు అంకెలను మాత్రమే చేతితో వెనుకకు తిప్పేవారు ఉన్నారు. తెరమీద ఉదయం 9 గంటలు కనిపిస్తుంది. కాని యంత్రం దానిని భారతదేశపు 9 గంటలుగా భావించి, విశ్వసమయం తెల్లవారుజాము 3.30 అని లెక్క కడుతుంది. వేసవిలో అయితే అసలు విశ్వసమయం మధ్యాహ్నం 1 గంట. చూపు సరిగా ఉన్నది, లెక్క తొమ్మిదిన్నర గంటలు తప్పినది. విండోస్‌లో మండలం "చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ" అని ఉంటే దానిని నివసించే ప్రాంతానికి మార్చి, సమయాన్ని యంత్రమే స్వయంగా సరిచేసుకొనేట్టు అమర్చవలెను. ఫోనులోను అంతే.

4. రెండు యంత్రాలలోని మూల ప్రోగ్రాములను తాజా కూర్పుకు తీసుకురావలెను. దేశాలు కాలమండల నియమాలను మారుస్తూనే ఉంటాయి. సమోవా దేశం 2011లో దినరేఖకు పశ్చిమానికి మారుతూ డిసెంబరు 30వ తేదీని పూర్తిగా విడిచిపెట్టినది. ఇటువంటి మార్పులు ప్రోగ్రాముల తాజా కూర్పులతోనే యంత్రాలకు చేరుతాయి.

5. పనికి వేళ అవసరం లేకపోతే వేళ గడిని ఖాళీగా ఉంచవలెను, లేదా "రోజంతా" అని గుర్తించవలెను. ప్రోగ్రాము వేళ అడిగి తీరుతుందంటే అర్ధరాత్రికి బదులు మధ్యాహ్నం 12 గంటలు ఇవ్వవచ్చును. అర్ధరాత్రి రెండు రోజుల నడుమ గోడమీద కూర్చున్నది. కొద్దిపాటి తోపుతో అటో ఇటో పడుతుంది. మధ్యాహ్నం రోజు నడిబొడ్డున ఉంటుంది. అయితే ఈ ఉపాయానికి ఒక హద్దు ఉన్నది. రెండు చోట్ల మధ్య తేడా పన్నెండు గంటలకు లోబడి ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది. న్యూజెర్సీ, చికాగోలకు భారతదేశంతో ఇది చెల్లుతుంది. కాలిఫోర్నియా మధ్యాహ్నం మాత్రం హైదరాబాదులో మరుసటి తేదీ రాత్రి 12.30 లేదా 1.30 అవుతుంది. అక్కడివారు తేదీ మాత్రమే ఉన్న పనినే నమ్ముకోవలెను.

6. కంప్యూటరు ప్రతి, ఫోను ప్రతి రెండింటిలో ఏది నిజమో ముందే తేల్చుకోవలెను. నిజమైన ప్రతిలో తప్పిన తేదీలను దిద్దవలెను. అన్ని పనులకూ గంపగుత్తగా ఒక రోజు కలుపుట తగదు; వేళ ఉన్న పనులు తప్పి ఉండకపోవచ్చును. పట్టిక ద్వారా దిద్దేవారు సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో 2026-04-15 అని వ్రాస్తే రోజుకూ నెలకూ తారుమారు ఉండదు. 1988లో వెలువడిన ఐఎస్ఓ 8601 ప్రమాణం కూడా ఈ వరుసనే చెబుతుంది.

7. ఆపైన ఫోనులోని ప్రతిని తొలగించి, నిజమైన ప్రతి నుండి ఒకే దిశలో మళ్లీ నింపవలెను. ఒకే జాబితాను కేబుల్ ద్వారా ఒకసారి, ఇంటర్నెట్ ఖాతా ద్వారా మరొకసారి సింక్ చేయకూడదు. రెండు దారులుంటే ప్రతి పని రెండుసార్లు వచ్చి, ఒక్కొక్కటి ఒక్కొక్క తేదీ చెప్పవచ్చును.

8. చివరిది పరీక్ష. జనవరిలో ఒకటి, జూలైలో ఒకటి, వేళ ఉన్నది ఒకటి, వేళ లేనిది ఒకటి చొప్పున నాలుగు కృత్రిమమైన పనులను కంప్యూటరులో వ్రాసి సింక్ చేయవలెను. తరువాత ఫోనులో మరి రెండు వ్రాసి ఎదురు దిశలో పంపవలెను. ఒక్కసారి సరిపోతే చాలదు. మూడుసార్లు సింక్ చేసిన తరువాత కూడా తేదీలు కదలకుండా ఉంటేనే మందు పనిచేసినట్టు.

ఎవరి గడియారం ప్రకారం?

కొన్ని తేడాలు యంత్రానివి కావు, మనం నిర్ణయించనివి. న్యూజెర్సీలోని కుమార్తె ప్రతి ఆదివారం తన ఉదయం 8 గంటలకు విజయవాడలోని తల్లితో మాట్లాడుతుందనుకొందాము. వేసవిలో అది తల్లికి సాయంత్రం 5.30, చలికాలంలో 6.30. భారతదేశంలో గడియారం మారదు గనుక నవంబరులో తల్లి ఒక గంట ఎదురు చూడవలసి వస్తుంది. దీపం పెట్టే వేళకు ముందే మాట్లాడుట తల్లికి ముఖ్యమైతే ఆ పనిని భారత కాలమండలంలో నమోదు చేయవలెను. అప్పుడు కుమార్తె ఫోనులో వేళ మారుతుంది. ఎవరి దినచర్య స్థిరమో వారి మండలాన్నే పనికి ఇవ్వవలెను. గల్ఫ్ దేశాలలోను, మలేషియాలోను ఉన్నవారికి ఈ బెడద లేదు. అక్కడ వేసవి గంట లేదు. బ్రిటనులో వేసవి కాలమానం మార్చి చివరి ఆదివారం మొదలై అక్టోబరు చివరి ఆదివారంతో ముగుస్తుంది. అందువలన లండను, న్యూయార్కుల మధ్య తేడా కూడా సంవత్సరంలో కొన్ని వారాలు మారుతుంది.

మందులు వేసుకొనే వేళల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. విమానం దిగగానే ఫోను కొత్త మండలానికి మారుతుంది. ఉదయం 8 గంటల మాత్ర పాత ఊరి ఎనిమిదికా, కొత్త ఊరి ఎనిమిదికా అన్నది ఫోను నిర్ణయించవలసిన విషయం కాదు. ప్రయాణానికి ముందే వైద్యుని అడిగి తెలుసుకొని, ఆ ప్రకారం పనిని వ్రాసుకోవలెను.

తిథుల విషయంలో తొందరపాటు వద్దు

ఇంతవరకు ఒక రోజు తేడాను దోషంగా చెప్పుకున్నాము. మన పండుగల విషయంలో ఆ తేడా నిజమే కావచ్చును. దానిని తప్పని భావించి దిద్దితే సరైన తేదీ చెడుతుంది.

తిథి అనేది సూర్యచంద్రుల మధ్య కోణం పన్నెండేసి డిగ్రీలు పెరుగుటను బట్టి ఏర్పడుతుంది. ఒక తిథి సుమారు 19 నుండి 26 గంటల వరకు ఉండవచ్చును. అది ఆరంభమయ్యే క్షణం లోకమంతటికీ ఒక్కటే. కాని ఆ తిథిని ఏ రోజుకు చెందినదిగా తీసుకోవలెనన్నది ఆ ఊరి సూర్యోదయం వంటి స్థానిక వేళపై ఆధారపడుతుంది. చైత్ర శుద్ధ పాడ్యమి హైదరాబాదులో మార్చి 30 ఉదయం 7 గంటలకు మొదలై ఒక రోజుపాటు ఉన్నదని ఊహించండి. 30న సూర్యోదయానికి పాడ్యమి లేదు. అక్కడ ఉగాది 31న. అదే క్షణం చికాగోలో మార్చి 29 రాత్రి 8.30. అక్కడ 30వ తేదీ సూర్యోదయానికే పాడ్యమి ఉన్నది, ఉగాది 30న. రెండూ సరైనవే.

ఆబ్దికానికి తిథిని నిర్ణయించే వేళ వేరు, అపరాహ్ణము. సూత్రం మాత్రం ఇదే. కాబట్టి తిథిని బట్టి వచ్చే కార్యాలను భారతదేశం నుండి వచ్చిన క్యాలెండరును చూసి కాక, నివసించే ఊరికి గణించిన పంచాంగం చూసి, వేళ లేని పనిగా వ్రాసుకోవలెను. అన్నదమ్ములు రెండు దేశాలలో ఉంటే ఇద్దరికీ కలిపి ఒకే పనిని పంచుకొనుట కన్న, ఎవరి తేదీ వారు వేరుగా వ్రాసుకొనుట మేలు. "ప్రతి సంవత్సరం" అనే గుర్తు పెట్టరాదు. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు. మరుసటి ఏడు ఆ తిథి దాదాపు పదకొండు రోజులు ముందుగా, అధికమాసం వస్తే సుమారు పందొమ్మిది రోజులు ఆలస్యంగా వస్తుంది. పుట్టినరోజును ఇంగ్లీషు తేదీ ప్రకారం చేసుకునేవారికి మాత్రం ఆ గుర్తు చక్కగా పనికివస్తుంది.

తిథి ఒక క్షణంలో మొదలవుతుందని, వారం ఊరి సూర్యోదయంతో మొదలవుతుందని మన పంచాంగకర్తలు ఏనాడో వేరు చేసి చూపినారు. కంప్యూటరులో ఒక పని వ్రాసుకునే ప్రతిసారీ అదే ప్రశ్న వేసుకొనుట మంచిది: ఇది ఒక దినమా, ఒక క్షణమా, లేక ఎక్కడ ఉంటే అక్కడి వేళా? ఆ ప్రశ్నకు సమాధానం యంత్రానికి తెలియదు. వ్రాసేవారు స్పష్టంగా చెప్పినప్పుడే ఏప్రిల్ 15 ఏ ఖండంలో చూసినా ఏప్రిల్ 15గానే నిలుస్తుంది.